కుస్కో నుంచి అమెజాన్ అడవి దాకా గైడెడ్ ఆఫ్‌రోడ్ బైక్ టూర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరూలోని కుస్కోలో బయల్దేరి, ఆండీస్ కనుమలు ఎక్కి, అవతలి వైపు అమెజాన్ అడవిలోకి దిగే బైక్ టూర్ల గురించి మన రైడింగ్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే కంటే ఒకచోట రాసి పెట్టడం నయమనిపించింది. మీరు ఏ దశలో ఉంటే ఆ ప్రశ్నలే చూసుకోండి, మొదటి నుంచి చదవక్కర్లేదు. వీసా, టీకాల నియమాలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఎంబసీ వెబ్‌సైట్ ఒకసారి చూడండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఈ టూర్లలో అసలు ఎక్కడెక్కడ తిప్పుతారు?

కంపెనీని బట్టి ప్యాకేజీ పేర్లు మారినా ప్రధానమైన దారులు మూడు. మొదటిది ఉరుబంబా లోయ మీదుగా 4,316 మీటర్ల అబ్రా మలాగా కనుమ ఎక్కి సాంటా మరియా, సాంటా తెరెసా వైపు దిగేది. మంచుకొండల దగ్గర మొదలై కాఫీ, అరటి తోటల మధ్య ముగుస్తుంది. మాచుపిచ్చుకు వెనక దారి ఇదే. రెండోది పౌకార్‌తాంబో ఊరి మీదుగా అకనాకో కనుమ దాటి కోస్నిపాటా లోయలోకి, పిల్కోపాటా దాకా వెళ్లేది. 1973లో ఏర్పడిన మను నేషనల్ పార్కు అంచు వెంబడే ఈ దారి సాగుతుంది. మూడోది ఔసంగాటే పర్వతం పక్కగా 4,725 మీటర్ల కనుమ దాటి పువెర్తో మాల్దొనాదో వెళ్లే ఇంటర్‌ఓషియానిక్ హైవే. చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ తారు రోడ్డు.

మట్టి రోడ్డు కోసమే అంత దూరం వెళ్తున్నామనుకునేవాళ్లు రెండో దారి ఉన్న టూర్ ఎంచుకోవాలని నా అభిప్రాయం. మొదటి దారి అందంలో తక్కువేం కాదు గానీ, అక్కడ తారు ఎక్కువ, టూరిస్టు వ్యాన్లు ఎక్కువ.

లడఖ్ రెండుసార్లు వెళ్లొచ్చాను. ఇది నాకు కష్టమా?

ఎత్తు విషయంలో మీకు కొత్తేమీ లేదు. కుస్కో సుమారు 3,400 మీటర్లు, అంటే లేహ్ కంటే కాస్త తక్కువే. ఖార్దుంగ్ లా ఎక్కినవాళ్లకు ఇక్కడి కనుమలు అంత ఎత్తనిపించవు. తేడా అంతా దిగుడులో ఉంది. లడఖ్‌లో కనుమ దిగితే మళ్లీ ఎండిన లోయే వస్తుంది. ఇక్కడ మలాగా కనుమ నుంచి సాంటా మరియా దాకా ఒకే రోజులో 3,000 మీటర్లకు పైగా దిగుతారు. పొద్దున వేళ్లు కొంకర్లు పోయే చలి, మధ్యాహ్నం మబ్బులో తడిసిన రోడ్డు, సాయంత్రం ఉక్కపోత. ఒంటి మీద బట్టలు, టైర్ల కింద నేల, కళ్ల ముందు వెలుతురు అన్నీ గంట గంటకూ మారిపోతాయి. మనవాళ్లలో ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువగా ఈ దిగుడులోనే పడతారు.

మట్టి రోడ్డు మీద అలవాటు లేదు. అక్కడికి వెళ్లాక నేర్చుకోవచ్చా?

వద్దు. గైడ్ మొదటి రోజు కాసేపు నేర్పిస్తాడు, అది ఎవరికి ఎంత వచ్చో చూసుకోవడానికే. ఫుట్‌పెగ్స్ మీద నిలబడి నడపడం, వెనక బ్రేకును ఎంత నొక్కితే చక్రం జారుతుందో తెలియడం, కంకరలో హ్యాండిల్ వణికినా గట్టిగా బిగించి పట్టుకోకుండా ఉండటం, పడిన బండిని నడుము పట్టేయకుండా లేపడం, ఈ నాలుగూ ఇక్కడే రావాలి. బెంగళూరు వైపు వారాంతపు ఆఫ్‌రోడ్ శిక్షణలు దొరుకుతాయి. అదీ కుదరకపోతే వానాకాలంలో మీ ఊరి చెరువు కట్టల మీద, ఎర్రమట్టి డొంకల్లో నెల రోజులు తిరగండి. హైవే మీద వేల కిలోమీటర్లు నడిపిన అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం. నవంబరులో మొదలయ్యే వానలు జనవరి, ఫిబ్రవరిలో తారస్థాయికి చేరతాయి. ఆ రెండు నెలల్లో కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోవడం మామూలే. మాచుపిచ్చుకు నడిచి వెళ్లే ఇన్కా ట్రెయిల్‌ను ప్రతి ఫిబ్రవరిలో మరమ్మతుల కోసం మూసేస్తారు. జూన్, జూలైలో ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రి చలి మాత్రం కుస్కోలోనే సున్నా దగ్గరికి పోతుంది. జూన్ 24న ఇంతి రైమీ అనే సూర్యుడి పండుగ, జూలై మధ్యలో పౌకార్‌తాంబోలో వీర్హెన్ దెల్ కార్మెన్ పండుగ ఉంటాయి. ఆ తేదీల్లో గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. ముసుగుల నాట్యాలు చూడాలని ఉంటే పండుగకే వెళ్లండి, రైడింగే ముఖ్యమైతే మే నెల మంచిది. వానలు ఆగి కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి, దుమ్ము తక్కువ.

ఒక మాట: అడవి వైపు పొడి కాలం అంటే అసలు వాన పడదని కాదు, తక్కువ పడుతుందని.

గైడ్ ఎందుకు, మేమే బండి అద్దెకు తీసుకుని వెళ్లలేమా?

వెళ్లొచ్చు, కుస్కోలో బండ్లు అద్దెకిచ్చే దుకాణాలు చాలానే ఉన్నాయి. మలాగా దారి వరకైతే అనుభవం ఉన్నవాళ్లు సొంతంగా వెళ్లినా పెద్ద ప్రమాదం లేదు. అడవి దారిలో మాత్రం మీరు డబ్బు కట్టేది దారి చూపించినందుకు కాదు. నిన్న రాత్రి ఎక్కడ చరియ విరిగిందో పై ఊరి లారీ డ్రైవర్‌ను అడిగి తెలుసుకునే మనిషి కోసం, వెనక వచ్చే ట్రక్కులోని మెకానిక్ కోసం, కాలు విరిగితే మిమ్మల్ని ఎక్కించుకుని కుస్కో చేర్చే బండి కోసం.

ఖర్చు ఎంత అవుతుంది?

సపోర్ట్ ట్రక్కుతో ఉన్న టూరుకు రోజుకు కొన్ని వందల డాలర్లు అవుతుంది. విమానం టికెట్లు వేరు. రేటు కంటే ముందు అడగాల్సినవి ఇవి: పెట్రోలు ఎవరిది, బండికి దెబ్బ తగిలితే డిపాజిట్‌లో ఎంత పోతుంది, మధ్యాహ్న భోజనం కలిసిందా, మాచుపిచ్చు టికెట్ కలిసిందా, రోడ్డు మూసేస్తే అదనపు రాత్రి ఎవరి ఖాతాలో. డిపాజిట్ సంగతి కాగితం మీద రాయించుకోండి. లివర్లు, ఇండికేటర్లు, అద్దాలు విరగడం ఇలాంటి టూర్లలో రోజువారీ వ్యవహారం.

మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లొచ్చా?

తారు దారిలో అయితే సరే. మట్టి, బురద దారిలో వద్దు, చాలా కంపెనీలు ఒప్పుకోవు కూడా. ఆవిడకు బండి నడపడం రాకపోతే సపోర్ట్ ట్రక్కులో ముందు సీటు అడగండి. వెనక సీటు మీద ఎగిరెగిరి పడే కంటే అదే హాయి.

## కాగితాల పని

ఇండియన్ పాస్‌పోర్ట్‌కు పెరూ వీసా కావాలా?

మామూలుగా అయితే కావాలి, ఢిల్లీలోని పెరూ ఎంబసీలో తీసుకోవాలి. అయితే 2017 నుంచి ఒక సడలింపు ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లేదా షెంగెన్ వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్నవాళ్లు, ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నవాళ్లు పర్యాటకులుగా వీసా లేకుండా రావచ్చు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో బయల్దేరే మనవాళ్లకు ఇది పెద్ద ఊరట. కాకపోతే పాస్‌పోర్ట్‌లోని స్టాంపు గడువు చూసుకోండి. స్టాంపు అయిపోయి ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ ఆమోద పత్రం) కాగితం మీద ఉంటున్నవాళ్లు టికెట్ కొనే ముందే కాన్సులేట్‌ను అడగాలి, తిరిగి అమెరికాలోకి రావడం కూడా ఆలోచించుకోవాలి.

ఇండియా నుంచి పెరూకు నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాల్సిందే. యూరప్ మీదుగా వెళ్లేవాళ్లు ట్రాన్సిట్ నియమాలు దేశం వారీగా చూసుకోవాలి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? పెరూవాళ్లు అడగరు అంటున్నారు కదా?

పెరూవాళ్లు అడగకపోవచ్చు, మనవాళ్లు అడుగుతారు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో భారత ప్రభుత్వం పెరూను చేర్చింది. ఆ దేశంలో ఉండి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవాళ్ల దగ్గర టీకా సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. మీరు కొండల మీదే తిరిగి అడవిలో కాలు పెట్టకపోయినా అంతే.

టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. టీకా ఎప్పుడు అందుబాటులో ఉంటుందో ముందే కనుక్కుని వెళ్లండి. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందుగా చెప్పాలి. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా, అందరికీ వేయరు.

ఇంకో మాట. కాగితం కోసం కాకపోయినా వేసుకోవాల్సిందే. ఆండీస్‌కు తూర్పున 2,300 మీటర్ల కంటే దిగువన ఈ జబ్బు నిజంగా ఉంది, మన దారి అడవిలోకి దిగాక ఆ పరిధిలోకే వస్తుంది.

మన డ్రైవింగ్ లైసెన్స్ అక్కడ చెల్లుతుందా?

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఆర్టీఏలో ఫారం 4ఏ నింపితే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అది అసలు లైసెన్స్‌కు తోడే తప్ప బదులు కాదు, రెండూ జేబులో ఉండాలి. పర్మిట్‌లో గేర్ల మోటార్‌సైకిల్ వర్గం మీద ముద్ర పడిందో లేదో అక్కడే చూసుకోండి. కారు లైసెన్స్ మాత్రమే ఉండి ఊళ్లో బైకు నడిపేస్తున్నవాళ్లు మనలో తక్కువేం కాదు. అక్కడ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది అదే.

ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే వచ్చింది. చాలదా?

చాలదు. టికెట్‌తో వచ్చే పాలసీల్లో మోటార్‌సైకిల్ నడపడాన్ని మినహాయించడమో, ఇంత సీసీ దాటితే వర్తించదనడమో సాధారణం. మూడు విషయాలు రాతపూర్వకంగా ఉండాలి: మీరు నడిపే సీసీ బండి, తారు లేని రోడ్డు, 4,700 మీటర్ల ఎత్తు. వీటికి తోడు అత్యవసర తరలింపు. కుస్కోలో ఆస్పత్రులున్నాయి గానీ పెద్ద దెబ్బ తగిలితే రాజధాని లీమాకు చేర్చాల్సి రావచ్చు. పెరూలో బండికి సోట్ అనే తప్పనిసరి ఇన్సూరెన్స్ ఉంటుంది, అది అద్దెకిచ్చేవాళ్ల బాధ్యత. దాని నకలు ఫోన్‌లో పెట్టుకోండి.

బైకు మీద మాచుపిచ్చు దాకా వెళ్లొచ్చా?

వెళ్లలేరు. మాచుపిచ్చు కింది ఊరికి బయటి నుంచి రోడ్డే లేదు. బండ్లు సాంటా తెరెసా వైపు వదిలి, హిద్రోఎలెక్త్రికా అనే చోటు నుంచి రైలు పట్టాల పక్కన పది కిలోమీటర్ల దాకా నడవాలి, లేదా రైలెక్కాలి. ప్రవేశం టికెట్ పేరు మీద, గంట ప్రకారం, దారి ప్రకారం ఇస్తారు. పొడి కాలంలో చాలా ముందే అయిపోతాయి. గేటు దగ్గర అసలు పాస్‌పోర్ట్ చూపించాలి, దాన్ని ట్రక్కులోని బ్యాగులో వదిలేసి నడక మొదలుపెట్టకండి.

## సామాను సర్దుకునేటప్పుడు

250 సీసీ, 650 సీసీ రెండూ ఉన్నాయంటున్నారు. ఏది అడగాలి?

250. దీని మీద వాదన ఎప్పుడూ తెగదు, అయినా నా మాట ఇదే. కుస్కో దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది హోండా టోర్నాడో 250. అక్కడి మెకానిక్‌లందరికీ చేయి తిరిగిన బండి. ఎక్కుడులో 650 బలం బాగుంటుంది, కాదనను. కానీ ఈ ప్రయాణంలో మీరు అలసిపోయేది ఎక్కేటప్పుడు కాదు. బురద దిగుడులో మూడోసారి పడిన బండిని లేపేటప్పుడు ముప్పై కిలోలు తక్కువ ఉండటం ఎంత మేలో చెప్పక్కర్లేదు.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. ఈ బండ్లు పొడుగైనవి. మన మామూలు ఎత్తువాళ్లకు రెండు మడమలూ నేలకు ఆనవు. ఒక కాలి ముందు భాగం ఆనితే చాలు. ఎత్తు తగ్గించిన సీటు ఉందా అని బుక్ చేసేటప్పుడే అడగండి. ఆరడుగులు దాటినవాళ్లు, వంద కిలోల దగ్గర ఉన్నవాళ్లు మాత్రం పెద్ద బండి తీసుకున్నా తప్పు లేదు.

హెల్మెట్, బూట్లు ఇక్కడి నుంచే మోసుకెళ్లాలా?

ఆ రెండూ, గ్లోవ్స్ కూడా మీవే తీసుకెళ్లండి. అద్దె హెల్మెట్ లోపలి మెత్త ఎంతమంది చెమట పీల్చిందో ఊహించుకోవచ్చు. బూట్లు పిక్కల దాకా వచ్చే ఆఫ్‌రోడ్‌వి కావాలి, ట్రెక్కింగ్ బూట్లు పనికిరావు. ఇక్కడ ఎక్కువగా దెబ్బ తగిలేది పాదానికి, చీలమండకే. మోకాలి గార్డులు, బాడీ ఆర్మర్ అక్కడ అద్దెకు దొరుకుతాయి, సైజు ముందే చెప్పాలి.

చలికి, ఎండకు, వానకు ఒకే జాకెట్ చాలుతుందా?

చాలదు, అలాగని మూడు జాకెట్లూ అక్కర్లేదు. గాలి బాగా ఆడే మెష్ జాకెట్ ఒకటి పైన ఉంచుకోండి. లోపల వేసుకోవడానికి పల్చటి ఉన్ని బనీను, ఒక ఫ్లీస్. అన్నిటి మీద తొడుక్కునే రెయిన్ సూట్. మందపాటి వింటర్ జాకెట్ వేసుకుంటే కనుమ మీద బాగుంటుంది, రెండు గంటల తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. కాటన్ బట్టలు వద్దు, అడవిలో అవి ఆరవు. రెండు జతల గ్లోవ్స్, రెండు మూడు జతల అదనపు సాక్సులు, ఫోన్‌కూ పాస్‌పోర్ట్‌కూ నీళ్లు దూరని సంచి.

ఆవకాయ తీసుకెళ్లొచ్చా?

పెరూలో మొక్కలకూ పశువులకూ సంబంధించిన పదార్థాల మీద తనిఖీ ఉంటుంది. పళ్లు, గింజలు, పచ్చి దినుసులు వద్దు. కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్ అయితే ఫారంలో రాసి చూపించండి. సీసా వద్దు, ఎత్తుకు పోయేకొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనె కారుతుంది, బ్యాగు మొత్తం ఆవకాయే.

## కుస్కోలో దిగాక

దిగిన మర్నాడే బండెక్కొచ్చా?

వద్దు. లీమా సముద్ర మట్టంలో ఉంది, అక్కడి నుంచి గంటన్నర లోపు 3,400 మీటర్ల మీద దింపేస్తారు. పైగా మన సమయం కంటే పదిన్నర గంటలు వెనక, నిద్ర ఎలాగూ చెదిరి ఉంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఆకలి లేకపోవడం సాధారణంగా మొదటి రాత్రే మొదలవుతాయి.

తెలివైన పద్ధతి ఏమిటంటే, ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా కిందికి, ఉరుబంబాకో ఒయాంతాయ్‌తాంబోకో వెళ్లిపోవడం. అవి సుమారు 2,800 మీటర్లలో ఉంటాయి. అక్కడ రెండు రాత్రులు పడుకుని, మెల్లగా నడుస్తూ, నీళ్లు తాగుతూ ఉండి, ఆ తర్వాత బండి తీసుకుని మోరాయ్ మెట్ల పొలాలు, మరాస్ ఉప్పు మడుల చుట్టూ ఒక రోజు తిరిగితే ఒళ్లు సర్దుకుంటుంది. మొదటి రెండు రోజులు మద్యం జోలికి పోకండి. మంచి కంపెనీలు షెడ్యూల్‌లోనే ఈ రోజులు పెడతాయి. మొదటి రోజే 4,300 మీటర్లు ఎక్కిస్తామనేవాళ్ల దగ్గర బుక్ చేయకండి.

డయామాక్స్ వేసుకోవాలా, కోకా టీ సరిపోతుందా?

డయామాక్స్ అంటే అసెటజోలమైడ్. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. మీకు కావాలో వద్దో మీ డాక్టరే చెప్పాలి, సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా అడగాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. రైడింగ్ బట్టల మీద రెయిన్ సూట్ తొడుక్కున్నవాడికి ఆ రెండోది చిన్న కష్టం కాదు.

కోకా టీ అంటే కొకైన్ తీసే కోకా ఆకుతో కాచే టీ. అక్కడ ప్రతి హోటల్ వరండాలో పెడతారు, చట్టబద్ధమే. తాగితే హాయిగా ఉంటుంది, మందుకు బదులు మాత్రం కాదు. మీ ఉద్యోగంలో డ్రగ్ టెస్టులుంటే తాగకండి, పరీక్షలో బయటపడుతుంది.

మాట తడబడటం, నడక తూలడం, కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు, వీటిలో ఏది కనిపించినా మందూ టీ కాదు, వెంటనే కిందికి దించాలి. పక్కవాడు "ఏం లేదు, బానే ఉన్నా" అన్నా వినకండి.

నేను శాకాహారిని. తినడానికి ఏముంటుంది?

ఆకలితో పడుకోరు. బంగాళదుంప పుట్టిల్లే అది, దాని రకాలు వేలల్లో ఉన్నాయి. కినోవా సూప్, పెద్ద గింజల మొక్కజొన్న కండెతో చీజు ముక్క, గుడ్డు తింటే ఆమ్లెట్, అన్నం ఎక్కడైనా దొరుకుతాయి. చీఫా అనే చైనీస్ హోటళ్లు చిన్న ఊళ్లలోనూ ఉంటాయి, అక్కడ కూరగాయలతో ఫ్రైడ్ రైస్ చేయించుకోవచ్చు. కారానికి రొకోతో మిరపకాయ నూరిన పచ్చడి అడగండి, మన నాలుకకు బాగా ఆనుతుంది.

ఒక చిక్కు ఉంది. "సిన్ కార్నే" అంటే గొడ్డు మాంసం లేకుండా అని అర్థం చేసుకుని కోడిమాంసం వేసి తెస్తారు. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పండి. సూపు నీళ్లు మాత్రం తరచూ ఎముకలతో కాచినవే, పట్టింపు ఉన్నవాళ్లు గైడ్‌తో ముందే చెప్పించాలి.

స్పానిష్ ఒక్క ముక్క రాదు, ఎలా?

గైడ్‌కు ఇంగ్లిష్ వస్తుంది, ఊళ్లలో రాదు. పల్లెల్లో పెద్దవాళ్లు కెచువా మాట్లాడతారు. రోడ్డు మీద పనికొచ్చే మాటలు కొన్ని: గ్రిఫో అంటే పెట్రోల్ బంకు, యాంతా అంటే టైరు, దెరూంబే అంటే విరిగిపడిన చరియ, దెస్పాసియో అంటే మెల్లగా.

## కొండల మీద

అక్కడ కుడివైపు నడపాలట. ఘాట్ రోడ్డులో ఇబ్బందా?

మామూలుగా నడుస్తున్నప్పుడు గంటలో అలవాటైపోతుంది. తప్పు జరిగేది మూడు చోట్ల: ఫొటోకు ఆగి మళ్లీ బయల్దేరినప్పుడు, ఖాళీ మట్టి రోడ్డు మీద ఎదురుగా లారీ హఠాత్తుగా వచ్చినప్పుడు, బాగా అలసిపోయిన సాయంత్రం. మనకు తెలియకుండానే చేతులు ఎడమకు తిప్పుతాయి. స్పీడోమీటర్ మీద కుడివైపు చూపే బాణం గుర్తు అతికించుకుంటే నవ్వేవాళ్లు నవ్వనివ్వండి. మలుపు కనిపించని చోట హారన్ కొట్టండి, అక్కడి లారీవాళ్లు కూడా కొడతారు.

కనుమ ఎక్కుతుంటే బండి లాగడం లేదు. చెడిపోయిందా?

చెడిపోలేదు. 4,300 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదానిలో దాదాపు 60 శాతమే. ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ అంత మేరకు తగ్గింది, బలమూ తగ్గింది. కార్బురేటర్ బండ్లలో పెట్రోలు పాలు ఎక్కువై ఇంకాస్త ముక్కుతాయి, ఇంజెక్షన్ బండ్లు కొంత సర్దుకుంటాయి. ఒక గేరు తగ్గించి, థ్రాటిల్ నిలకడగా ఉంచండి. క్లచ్ సగం నొక్కి రేస్ చేస్తూ పోతే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి.

గ్రూపులో వెనకబడితే దారి తప్పుతానా?

ముందు గైడ్, చివర స్వీప్ (అందరి వెనకా వచ్చే కంపెనీ రైడర్) ఉంటారు, వాళ్ల వెనక ట్రక్కు. దారి చీలిన ప్రతిచోటా గైడ్ వెనక ఉన్న మొదటి రైడర్ ఆగి, మిగతావాళ్లకు దారి చూపించి, స్వీప్ వచ్చాకే కదలాలి. ఈ పద్ధతిలో ఎవరి వేగంలో వాళ్లు వెళ్లొచ్చు, దుమ్ములో ఒకరి వెనక ఒకరు అతుక్కుని పోనక్కర్లేదు. నియమం ఒక్కటే: నిలబెట్టిన చోటు నుంచి ఎంత విసుగొచ్చినా కదలకూడదు.

కుక్కలు వెంటపడుతున్నాయి, ఏం చేయాలి?

ఆండీస్ పల్లెల్లో ఇది రోజూ జరిగేదే. దూరం నుంచే వేగం తగ్గించి, అది దగ్గరికి వస్తుండగా నిలకడగా ముందుకు పోండి. కాలు చాపి తన్నబోతే మీరే పడతారు. కరిస్తే సబ్బుతో కడిగి, రేబిస్ టీకా కోసం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

కనుమ దిగేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదటిది బ్రేకులు. గంటల తరబడి దిగుడు ఉంటుంది. బ్రేకు పట్టుకునే దిగితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. రెండో గేరో మూడో గేరో వేసి ఇంజిన్‌తోనే వేగం ఆపాలి. న్యూట్రల్‌లో దిగి పెట్రోలు మిగుల్చుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

రెండోది మబ్బు. మలాగా కనుమకు ఇవతల పొడి గడ్డి నేల, వెరోనికా పర్వతం మీద మంచు మెరుస్తూ ఉంటుంది. అవతల అమెజాన్ నుంచి లేచిన తేమ కొండకు తగిలి ఆగుతుంది. మధ్యాహ్నానికి దట్టమైన పొగమంచు కమ్మేస్తుంది. అందుకే గైడ్లు తెల్లవారుజామునే బయల్దేరదీస్తారు. దాని మీద గొణగకండి.

మూడోది రోడ్డు మీదుగా పారే నీళ్లు. కొండ వాగులు తారు మీద నుంచే దాటేలా కాంక్రీటు పల్లాలు కట్టారు. నీళ్లు చీలమండ లోతే ఉంటాయి, కానీ అడుగున పాచి నూనె పోసిన గచ్చులా జారుతుంది. పల్లం రాకముందే వేగం తగ్గించి, నీళ్లలో బ్రేకూ క్లచ్చూ ముట్టకుండా, బండి నిటారుగా దాటించాలి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. పైన టైర్లలో గాలి సరిచూసుకుని కిందికి దిగితే గేజ్‌లో రెండు మూడు పీఎస్ఐ తగ్గినట్టు కనిపిస్తుంది. పంక్చర్ కాదు. కింద బయటి గాలి ఒత్తిడి పెరిగింది, అంతే. దిగాక మళ్లీ కొలిచి సరిచేసుకోండి.

## అడవిలోకి దిగాక

బురదలో నడపడం ఎలా?

చూపు దూరంగా, థ్రాటిల్ నిలకడగా, బరువు కాస్త వెనక్కి. ముందు బ్రేకు మీద వేలు కూడా పెట్టొద్దు. లారీ చక్రాలు తవ్విన గాడిలో పడితే బయటికి రావాలని పెనుగులాడకుండా గాడిలోనే పోవాలి. ఎర్ర జిగటమట్టి టైరు గాడులను పూర్తిగా నింపేశాక ఏ టైరైనా ఒకటే. అలాంటప్పుడు దిగి, ఇద్దరు పట్టుకుని నడిపించడం చేతకానితనం కాదు. నిలబడటానికి ఓపిక లేనివాళ్లు ఆ రోజుకు బండి ట్రక్కులో ఎక్కించేయాలి. పడేది ఎక్కువగా సాయంత్రం ఆఖరి గంటలోనే.

రోడ్డు మూసుకుపోతే?

ఆగాలి. బురద, రాళ్లు కలిసి కొట్టుకొచ్చే ప్రవాహాన్ని అక్కడ వాయ్కో అంటారు. పొక్లెయిన్ వచ్చి తీసేదాకా గంటలు పట్టొచ్చు, ఒక రోజు కూడా పట్టొచ్చు. బైకు సన్నగా ఉంది కదా అని రాళ్ల పక్క నుంచి దూరిపోవాలనిపిస్తుంది. పైనుంచి చిన్న రాళ్లు ఇంకా రాలుతుంటే ఆ కొండ కదలడం ఆగలేదని అర్థం. తిరుగు విమానానికీ టూర్ చివరి రోజుకూ మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచుకున్నవాళ్లకు టెన్షన్ ఉండదు.

మా అబ్బాయి వెళ్తానంటున్నాడు. రోజూ ఫోన్ చేయగలడా?

కుస్కోలో, లోయలో ఉన్నన్ని రోజులు చేస్తాడమ్మా. కనుమ దాటి అడవి వైపు దిగాక రోజంతా సిగ్నల్ లేకపోవచ్చు. ఫోన్ రాలేదంటే ఏదో అయిందని కాదు. గైడ్ దగ్గర శాటిలైట్ ఫోన్ గానీ ట్రాకర్ గానీ ఉందో లేదో ముందే కనుక్కోమనండి. ట్రాకర్ ఉంటే మ్యాప్ లింకు ఇంటికి పంపించమని చెప్పండి.

పెట్రోలు దొరుకుతుందా?

పెద్ద ఊళ్లలో దొరుకుతుంది, గాలన్ లెక్కన అమ్ముతారు. బోర్డు మీద ధర చూసి ఉలిక్కిపడకండి, గాలన్ అంటే 3.78 లీటర్లు. అడవి వైపు చిన్న ఊళ్లలో డబ్బాల్లో పోస్తారు. గుడ్డతో వడకట్టి పోయించండి.

దోమలకు మలేరియా మందు వేసుకోవాలా?

పెరూలో మలేరియా ప్రధానంగా ఉత్తరాన లొరెతో ప్రాంతంలో ఉంది. కుస్కో, మాద్రే దె దియోస్ (పువెర్తో మాల్దొనాదో ఉన్న ప్రాంతం) వైపు తక్కువ, డాక్టర్ మీ దారి చూసి నిర్ణయిస్తారు. పువెర్తో మాల్దొనాదోలో డెంగీ ఉంది. కోస్నిపాటా లోయలో ఇంకో సమస్య ఇసుక ఈగలు. కంటికి ఆనవు, చప్పుడు చేయవు, కుడితే లీష్మానియా అనే పుండ్ల జబ్బు రావచ్చు. డీట్ ఉన్న రిపెల్లెంట్ రాసుకుని, సాయంత్రం నిండు చేతుల చొక్కా, సాక్సులు వేసుకోండి. బూట్లు తొడిగే ముందు తలకిందులు చేసి దులపండి.

జంతువులు కనిపిస్తాయా?

ఇంజిన్ మోతకు పెద్దవి పారిపోతాయి. కోస్నిపాటాలో ఒక పూట బండి పక్కన పెట్టి, తెల్లవారకముందే కాక్-ఆఫ్-ది-రాక్ పక్షులు ఆడే చోటికి నడిచి వెళ్లండి. పెరూ జాతీయ పక్షి అది. మగపక్షులు మండే ఎరుపు రంగులో గుంపుగా చేరి ఆడపక్షుల కోసం అరుస్తూ గంతులేస్తాయి. ఈ టూర్‌లో బండి దిగి చూడాల్సినది ఒక్కటే చెప్పమంటే మాచుపిచ్చు కంటే ముందు దీన్నే చెబుతాను.

## తిరిగొచ్చేటప్పుడు

కోకా టీ ప్యాకెట్లు ఇంటికి తెచ్చుకోవచ్చా?

తేవద్దు. కుస్కో దుకాణాల్లో బిస్కెట్లలా అమ్ముతారు, కానీ కోకా ఆకు మన ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద నిషేధం. అమెరికా మీదుగా వచ్చేవాళ్లకు అక్కడా నేరమే. కోకా చాక్లెట్లు, కోకా క్యాండీలు కూడా వద్దు. ఆర్మర్ జేబుల్లో, హైడ్రేషన్ బ్యాగులో నాలుగు ఆకులు మిగిలిపోయాయేమో దులిపి చూసుకోండి. బూట్లు, టైరు మట్టి అంటిన బట్టలు కడిగి సర్దండి.

వచ్చిన తర్వాత జ్వరమొస్తే?

మామూలు జ్వరమని పారాసెటమాల్ వేసుకుని ఊరుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లి "అమెజాన్ అడవిలో తిరిగొచ్చాను" అని మొదటి మాటగా చెప్పండి, ఏ తేదీల్లో ఏ ఊళ్లలో పడుకున్నారో చెప్పండి. ఆ వివరం లేకపోతే వాళ్లు ఏ పరీక్ష రాయాలో తెలియదు. చర్మం మీద నొప్పి లేని పుండు లేచి వారాల తరబడి మానకపోతే అది లీష్మానియా కావచ్చు. కుట్టిన తర్వాత కొన్ని వారాలకో నెలలకో బయటపడుతుంది, అప్పటికి మనం ప్రయాణం సంగతే మర్చిపోయి ఉంటాం. చర్మ వ్యాధుల నిపుణుడి దగ్గరికి వెళ్లి, పెరూ వెళ్లొచ్చానని చెప్పి, పుండు అంచు నుంచి నమూనా తీసి పరీక్షించమని అడగండి.